పెత్తన మెవరిది?

ఎవరైనను వాడుకొని, దిద్దుకొనదగిన కంప్యూటరు ప్రోగ్రాములను పలువురు కూడి నిర్మించు ఓపెన్ సోర్స్ సంఘములు నేడు కలవు. అందు పని కంటె పెత్తనమును గూర్చిన వాదమే పెరిగినదని వినినప్పుడెల్ల, మన శ్రీకాకుళ విజయనగర సీమలలో పుట్టిన యొక వివాదము నాకు స్ఫురించును. భాషయు అట్టి ఉమ్మడి సొత్తే కదా!

1906లో ఈ ప్రాంతమునకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జే. ఏ. యేట్సు దొర, పలుకు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత భేద మేలయని ప్రశ్నించెను. పర్లాకిమిడి ఉపాధ్యాయులు గిడుగు రామమూర్తి పంతులుగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును ఆ ప్రశ్నను చేపట్టిరి. మొదట అది పసివాని చదువును గూర్చిన ప్రశ్న.

1911లో జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు చెన్నపట్టణమున ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిరి. కట్టుబాటు లేనిచో జిల్లాకొక తెలుగు ఏర్పడునని వారి భయము. అది నిరాధారమైనది కాదు. కాని విశ్వవిద్యాలయపు సంఘమునకు వివాదము చేరునప్పటికి, పిల్లవాడు మరుగుపడెను. నిర్ణయించు హక్కెవరిదన్నదే మిగిలెను. అధికసంఖ్యాకులు గ్రాంథికమునే నిలిపిరి. గురజాడవారు తమ అసమ్మతిని సోదాహరణముగా వ్రాసి 1914లో ప్రకటించి, మరుసటి యేటనే కీర్తిశేషులైరి. పరీక్షలు మాత్రము పాతదారినే నడచినవి.

ఆ తీర్మానము నిలిచినదా? లేదు. పత్రికలు, నాటకములు, కథలు వాడుకభాషలో వెలువడి లోకమును తమవైపు త్రిప్పుకొనినవి. అధికారులు వాని వెనుక నడచిరి. పరిషత్తువారి శాసనము చెల్లకపోయినను, వారి కృషిఫలమగు సూర్యరాయాంధ్ర నిఘంటువు చెల్లినది. 1936లో దాని మొదటి సంపుటము వెలువడెను. రెండు పక్షములందును నిలిచినది పనియే.

గిడుగువారి సవర సేవను చూడుడు. కొండలలోని సవరల భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, బడి లేదు. వారు ఏ సంఘపు టనుమతికిని కాచుకొనక ఆ భాషను నేర్చిరి, వాచకములు వ్రాసిరి, బడులు నడిపిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు కోశము 1938లోను అచ్చైనవి.

వాదము వలదని నేననను. గురజాడవారి అసమ్మతిపత్రము వాదమే; కాని అందు ఉదాహరణము లున్నవి, పిల్లవానిపై దృష్టి యున్నది. ఈ రెండును లేని వాదమున గెలుపోటములే కాని ఫలము లేదు. ఉమ్మడి సొత్తును కాపాడగోరువారు, పెత్తన మెవరిదని యడుగుటకు ముందు, ఈ పని యెవరికొరకని యడుగవలెను.