ఊరికి ఊరినే అమ్మిన మోరిస్‌విల్ పటాలాయన

డెలావేర్ నదికి ఒక ఒడ్డున న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్, ఎదుటి ఒడ్డున పెన్సిల్వేనియాలోని మోరిస్‌విల్. రెంటినీ కలిపే వంతెన మీద ‘ట్రెంటన్ మేక్స్, ద వరల్డ్ టేక్స్’ అన్న పెద్ద పెద్ద అక్షరాలు రాత్రిపూట వెలుగుతుంటాయి. ప్లెయిన్స్‌బరో, ఎడిసన్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఆ అక్షరాలు బాగా తెలుసు. న్యూయార్క్ వైపు రైలెక్కేవాళ్ళకు ట్రెంటన్ స్టేషనూ తెలుసు. వంతెనకు అవతల ఉన్న చిన్న ఊరి సంగతి అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు.

ఊరివాళ్ళు ముందుగా చెప్పే కథ రాబర్ట్ మోరిస్‌ది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు, యుద్ధానికి డబ్బు సర్దినవాడు. ఊరికి ఆయన పేరే పెట్టారు. 1783 అక్టోబరులో కాంగ్రెస్ కొత్త దేశానికి రాజధానిని డెలావేర్ జలపాతం దగ్గర, అంటే ఈ చుట్టుపక్కలే కట్టాలని తీర్మానం చేసింది. దక్షిణాది రాష్ట్రాలు పడనివ్వలేదు. మోరిస్ భూముల బేరాల్లో పీకల్లోతు మునిగి 1798లో అప్పు తీర్చలేనివాళ్ళను పెట్టే జైలుకు వెళ్ళాడు. చేజారిన రాజధాని, దివాలా తీసిన ఆసామి. ఈ రెండూ చెప్పేసరికి ఊరి చరిత్ర అయిపోయిందనుకుంటారు.

అయిపోలేదు. 1885 నుంచి 1910 దాకా, పాతికేళ్ళపాటు ఇదే ఊళ్ళో కాపురముండి, ఇక్కడినుంచే వందల ఊళ్ళ బొమ్మలు గీసి అమ్మిన మనిషి ఒకడున్నాడు. పేరు థాడియస్ మార్టిమర్ ఫౌలర్. ఆకాశంలోంచి పక్షి చూసినట్టు ఊరంతా ఏటవాలుగా కనిపించే పటాలు ఆయన సరుకు. వీధి వీధీ, ఇల్లు ఇల్లూ, చెట్టూ చేమా, ఫ్యాక్టరీ గొట్టాలూ, నదిలో పడవలూ అన్నీ అందులో ఉంటాయి. ఆయన ఈ పని మొదలుపెట్టేనాటికి విమానం లేదు. ఫౌలర్ నేల మీదే నడిచాడు.

ఆ నడక సంగతే ఒక కథ. 1842లో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో పుట్టిన ఫౌలర్, అంతర్యుద్ధం రాగానే న్యూయార్క్ 21వ వాలంటీర్ల పటాలంలో చేరాడు. 1862లో రెండో బుల్ రన్ యుద్ధంలో చీలమండకు దెబ్బ తగిలింది. కాలు తీసేస్తామంటే ఒప్పుకోలేదు. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా ఆయనకు తిండి పెట్టినవి ఆ కాళ్ళే.

యుద్ధం నుంచి బయటపడ్డాక విస్కాన్సిన్‌లోని మాడిసన్‌కు, ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడ్డ బాబాయి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆల్బర్ట్ రూగర్ అనే పటాల చిత్రకారుడి దగ్గర పని చేసి కిటుకులు నేర్చుకున్నాడు, తర్వాత సొంత దుకాణం పెట్టాడు. దుకాణమంటే గోడలూ గల్లాపెట్టే ఉన్న కొట్టు కాదు. ఒక చిత్రకారుడు, ఎప్పుడైనా ఒక భాగస్తుడు, దూరాన ఒక లితో (రాతి అచ్చు) ఆపీసు, అంతే.

పని పద్ధతి ఇలా ఉండేది. ముందు ఊరి వీధుల గళ్ళను ఏటవాలు కోణంలోకి తిప్పి ఒక చట్రం గీయాలి. రెండు మూడు వేల అడుగుల ఎత్తునుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించాలి. తర్వాత ప్రతి వీధీ తిరిగి, ప్రతి భవనాన్నీ విడిగా స్కెచ్ వేసుకోవాలి. అంతస్తులెన్ని, కప్పు ఏ వాలులో ఉంది, కిటికీలు ఎటు తిరిగాయి, వాకిట్లో చెట్టుందా లేదా అన్నీ రాసుకోవాలి. అవన్నీ చట్రంలో వాటి వాటి స్థానాల్లో కూర్చోబెడితే పెద్ద చిత్రం తయారవుతుంది. అది లితో రాయి మీదికెక్కి అచ్చవుతుంది. ఈ పటాలను కొలతకు గీయరు. ముందున్న ఇళ్ళు పెద్దవిగా, వెనకున్నవి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఎవరి ఇల్లు వాళ్ళు వేలు పెట్టి చూపించుకోవచ్చు. వ్యాపారమంతా ఆ వేలి చివరే ఉంది.

ఎందుకంటే ఫౌలర్ లాంటివాళ్ళు బొమ్మ గీసి ఆ తర్వాత కొనేవాళ్ళను వెతుక్కోలేదు. ఊళ్ళో దిగగానే పెద్దమనుషులనూ, దుకాణదారులనూ, పత్రికవాళ్ళనూ కలిసేవాళ్ళు. పక్క ఊళ్ళకూ పటాలు వస్తున్నాయని చల్లగా చెవిన వేసేవాళ్ళు. ఇక పోటీ దానంతటదే రాజుకునేది. పక్క ఊరి గోడ మీద పటం వేలాడుతుంటే తమ గోడ బోసిపోతే ఎలా? తగినంతమంది చందాదారులు పేర్లు రాయించుకుంటేనే పని ముందుకు సాగేది. పటం ధర మామూలుగా 2 నుంచి 5 డాలర్లు. ఆ రోజుల కూలీకి అది చిన్న మొత్తం కాదు. అంచుల్లో తమ భవంతినో మిల్లునో విడిగా పెద్ద బొమ్మగా వేయించుకోదలచినవాళ్ళు అదనంగా ఇచ్చుకునేవాళ్ళు.

అందుకే ఈ పటాలను చూసేటప్పుడు కాస్త వ్యాపారి కన్ను కూడా కావాలి. ప్రతి పొగగొట్టం నుంచీ పొగ లేస్తుంటుంది. పట్టాల మీద రైళ్ళు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. బురద కనబడదు, కూలిన గోడ కనబడదు. అంచున పెద్దగా కనిపించే భవనం ఊళ్ళో అందమైనదని అర్థం కాదు, దాని యజమాని డబ్బు కట్టాడని అర్థం. అబద్ధమని కొట్టిపారేయడానికీ లేదు. అగ్నిప్రమాద బీమా కోసం తయారైన సాన్‌బోర్న్ పటాలు అంగుళానికి 50 అడుగుల లెక్కన ప్రతి కట్టడాన్నీ కొలిచి చూపుతాయి. అవి కట్టడం ఎక్కడ నిలిచిందో చెబితే, ఫౌలర్ పటం ఎలా నిలిచిందో చెబుతుంది. పాత ఇంటి చరిత్ర తవ్వేవాళ్ళు రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

ఇక ఆయన మకాం సంగతి. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల మధ్య పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రధాన మార్గం మోరిస్‌విల్ మీదుగానే పోయేది. ఊరూరా తిరిగే మనిషికి ఇంతకన్నా అనువైన మకాం ఏముంటుంది? పైగా అప్పటి పెన్సిల్వేనియా బొగ్గు, ఉక్కు, చమురు డబ్బుతో పొంగిపోతున్న రాష్ట్రం. కొత్త డబ్బొచ్చిన ఊరికి తన బొమ్మ తాను చూసుకోవాలన్న తహతహ ఎక్కువ. మయర్స్‌టౌన్‌కు చెందిన జేమ్స్ బి. మోయర్‌తో కలిసి ఫౌలర్ ఆ డబ్బు వెంటే నడిచాడు. 1859లో అమెరికా తొలి వాణిజ్య చమురు బావి పడిన టైటస్‌విల్, దాని పొరుగున ఉన్న ఆయిల్ సిటీ, రెండు పటాలూ 1896లోనే వచ్చాయి. 1902లో పిట్స్‌బర్గ్ వంతు. పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరుడి గుడికి వెళ్ళొచ్చే తెలుగువాళ్ళకు తెలిసిన ఆ మూడు నదుల కూడలి, పొగల మధ్య, పడవలతో కిక్కిరిసి కనిపిస్తుందందులో. తానున్న మోరిస్‌విల్‌నూ ఆయన వదల్లేదు. 1893లో దాని పటమూ గీశాడు.

ఇంతవరకూ గుర్తించిన ఫౌలర్ పటాలు 400 పైచిలుకు. అందులో సగానికి పైగా పెన్సిల్వేనియావే. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర 300కు పైగా ఉన్నాయి. ఒక మనిషి చేతి మీదుగా ఇన్ని ఊళ్ళు నిలిచాయంటే, బొమ్మ గీయడం కన్నా తలుపు తట్టడమే ఆయనకు బాగా వచ్చేదని ఒప్పుకోవాలి. గీతలో ఆయనకన్నా నేర్పరులు ఆ తరంలో ఉన్నారు. అంతకాలం బేరం నిలుపుకున్నవాళ్ళు తక్కువ.

1910లో కుటుంబం న్యూజెర్సీలోని పసాయిక్‌కు మారింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అలెన్‌టౌన్ వీధుల్లో నిలబడి భవనాల స్కెచ్‌లు వేసుకుంటున్న ముసలాయన్ని జర్మన్ గూఢచారి అని అనుమానించి పట్టుకున్నారు, తర్వాత వదిలేశారు. దేశం కోసం కాలు పోగొట్టుకోబోయిన సైనికుడికి అదో గౌరవం! 1922 మార్చిలో, ఎనభై ఏళ్ళకు చేరువలో కూడా పని మీదే ఉండి, న్యూయార్క్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో మంచు గడ్డకట్టిన దారి మీద జారిపడ్డాడు. ఆ దెబ్బతోనే పోయాడు.

అప్పటికే వ్యాపారం చివరి దశకొచ్చింది. విమానానికి కెమెరా కట్టాక, వీధి వీధీ తిరిగే చిత్రకారుడికి ఎవరు డబ్బిస్తారు? ఫౌలర్ తోటివాడు ఓక్లీ బెయిలీ 1920ల దాకా లాక్కొచ్చి మానుకున్నాడు. ఇప్పుడా పటాలకు కాపీరైట్ లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని పెద్ద సైజులో ఉచితంగా దింపుకోనిస్తుంది. వాటిని మళ్ళీ అచ్చేసి, చట్రం బిగించి అమ్ముకునే చిన్న వ్యాపారాలు అమెరికాలో బోలెడున్నాయి. వాళ్ళు వీధులు తిరగక్కర్లేదు, ముందుగా చందాలు పోగుచేయక్కర్లేదు. ధర మాత్రం ఫౌలర్ అడిగిన 5 డాలర్లకు చాలా పైన ఉంటుంది. మోరిస్‌విల్ వాసులు 1893 నాటి పటంలో తమ వీధి వెతుక్కోవాలంటే అంత ఖర్చూ అక్కర్లేదు, ఒక ప్రింటర్ ఉంటే చాలు.