ఒకరి మొండెం, మరొకరి తల

"చిన్ననాటి జ్ఞాపకాలు అందరూ రాస్తారు, నువ్వు నీ ఇంజన్ల గోల ఏదైనా రాయి" అని సావనీరు కమిటీ మిత్రులు నన్ను ఆదేశించారు. వాళ్ళ మాట కాదనలేక రాస్తున్నాను. విసుగు పుడితే తప్పు వాళ్ళదే.

బేతాళ కథల్లో తలలు మారిన కథ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమ్మవారి గుడిలో తెగిపడి ఉన్న రెండు తలలను ఆ ఇల్లాలు కంగారులో తారుమారుగా అతికించింది. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? అంగాలన్నిటిలోకీ తల ముఖ్యం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడు తీర్పు చెప్పాడు. మన రవాణా శాఖ వారి ధర్మశాస్త్రం మాత్రం వేరు. ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీద. అంటే మొండెం ఎవరిదో మనిషి వారే, తల ఎన్నిసార్లు మారినా సరే.

"హెడ్డు దించాలి సార్" అని మెకానిక్ అనగానే గుండె జారినవారు ఇక్కడ కొందరైనా ఉంటారు. ఆ దించేదే ఇంజన్ తల. కింద బ్లాకులో పిస్టన్లు ఆడతాయి. పైన హెడ్డులోని వాల్వుల గుండా గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి, పొగ బయటికి పోతుంది. ఇంజన్ బలం చాలావరకు ఆ గాలి రాకపోకల మీదే ఆధారపడుతుంది. అందుకే మంచి తల దొరికితే పాత మొండేనికి పెట్టుకుందామనే ఆశ కార్ల లోకంలో ఎప్పుడూ ఉంది. సాధారణంగా అది షెడ్లలో జరిగే పని. ఫోర్డ్ కంపెనీ దాన్ని 1969లో తన ఫ్యాక్టరీలోనే చేసింది.

అమెరికాలో 1966లో ట్రాన్స్-ఆమ్ పందేలు మొదలయ్యాయి. షోరూములో అమ్మే కార్ల జాతి కార్లే అందులో పరిగెత్తాలి. పెద్ద తరగతిలో ఇంజన్ 5 లీటర్లు దాటకూడదు. మొదటి రెండేళ్ళూ టైటిల్ ఫోర్డ్‌దే. 1968లో కథ తిరగబడింది. షెవ్రొలే కమారో నడిపిన మార్క్ డొనాహ్యూ 13 పందేల్లో 10 గెలిచాడు. ఆ ఏడు ఫోర్డ్ తన 302 ఘనపుటంగుళాల ఇంజన్‌కు "టన్నెల్ పోర్ట్" హెడ్లు పెట్టింది. గాలి దారులు ఎంత వెడల్పంటే, పుష్‌రాడ్లు ఆ దారుల మధ్యలోంచే గొట్టాల్లో వెళ్ళేవి. కాగితం మీద బాగానే ఉంది. పందెంలో ఆ ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి చెడిపోయాయి.

అప్పటికే 1970 మోడళ్ళ కోసం కంపెనీలో మరో ఇంజన్ తయారవుతోంది. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ ఫ్యాక్టరీ పేరుతో దాన్ని 351 క్లీవ్‌లాండ్ అంటారు. పాత 302 కుటుంబానికి కెనడాలోని విండ్సర్ పేరు స్థిరపడింది. విండ్సర్ హెడ్డులో వాల్వులు మన బడి ప్రార్థనలో పిల్లల్లా ఒకే వరసలో నిలబడతాయి. క్లీవ్‌లాండ్ హెడ్డులో ఒక్కోటి ఒక్కో వైపు వాలి ఉంటుంది. అలా వాలడం వల్ల ఒకదానికొకటి తగలకుండా పెద్ద వాల్వులు పడతాయి, గాలి దారి వంకర కూడా తగ్గుతుంది.

ఈ కొత్త తల ఆ పాత మొండేనికి అతకడానికి కారణం ఒక పొదుపు నిర్ణయం. విండ్సర్ కుటుంబం 1962లో 221 ఘనపుటంగుళాల ఇంజన్‌తో మొదలైంది. అందులో ఒక సిలిండర్ నడుమ నుంచి పక్క సిలిండర్ నడుముకు దూరం 4.38 అంగుళాలు. క్లీవ్‌లాండ్ ఇంజనీర్లు అదే దూరం ఉంచారు. ఒక్కో హెడ్డును పట్టే పది బోల్టుల స్థానాలూ అవే ఉంచారు. ఏడేళ్ళ కిందటి కొలత మార్చకపోవడంతో పందెం ఓడిపోతున్న జట్టుకు దారి దొరికింది.

అయితే బోల్టులు కలవడం జాతకాలు కలవడం లాంటిదే. కాపురం మొదలయ్యాకే అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడ తగువు నీళ్ళ దగ్గర వచ్చింది. విండ్సర్ ఇంజన్‌లో వేడెక్కిన నీళ్ళు హెడ్డులోంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి వెళ్ళి, దాని ముందు భాగంలోని థర్మోస్టాట్ మీదుగా రేడియేటర్‌కు చేరతాయి. క్లీవ్‌లాండ్ మానిఫోల్డ్‌లో నీటి చుక్క ఉండదు. నీళ్ళు హెడ్డు నుంచి తిరిగి బ్లాకులోకే దిగుతాయి, థర్మోస్టాట్ కూడా అక్కడే. హెడ్డును ఉన్నదున్నట్టుగా బిగిస్తే వేడినీళ్ళకు బయటికి దారే లేదు. అందుకని ఫోర్డ్ ఈ ఇంజన్ కోసం హెడ్డులోని నీటి దారులు మార్చి విడిగా పోత పోయించింది. పెద్ద వాల్వులకు చోటిచ్చే పిస్టన్లు, కొత్త మానిఫోల్డ్ కూడా కావలసివచ్చాయి. బ్లాకులో క్రాంకును పట్టుకునే మధ్య మూడు బేరింగ్ క్యాపులకు రెండేసి బదులు నాలుగేసి బోల్టులు వేశారు. తల బలిసినప్పుడు మెడ కూడా గట్టిపడాలి కదా!

అలా పుట్టింది బాస్ 302 మస్టాంగ్. 1969లో 1628 కార్లు తయారయ్యాయి. ప్రకటించిన శక్తి 290 హార్స్‌పవర్, సరిగ్గా పోటీదారు కమారో జెడ్/28 చెప్పుకున్న అంకే. ఈ కాకతాళీయాన్ని నమ్మాలో లేదో మీ ఇష్టం. 4 అంగుళాల సిలిండర్ మీద 2.23 అంగుళాల ఇన్‌టేక్ వాల్వు అంటే అది పందెం కొలత. అంత పెద్ద ద్వారంలో గాలి వేగం అందుకోవాలంటే ఇంజన్ గట్టిగా తిరగాలి, ఊళ్ళో నెమ్మదిగా నడిపితే మొరాయిస్తుంది. 1970లో దాన్ని 2.19కి తగ్గించారు.

మొదటి ఏడాది టైటిల్ మళ్ళీ షెవ్రొలేకే, డొనాహ్యూకే పోయింది. 1970లో బడ్ మూర్ జట్టు తరఫున పార్నెల్లీ జోన్స్ 5, జార్జ్ ఫాల్మర్ 1 గెలిచి, 11 పందేల్లో 6 గెలుపులతో టైటిల్ ఫోర్డ్‌కు తెచ్చారు. బాస్ 302 తయారీ ఆ ఏటితోనే ఆగిపోయింది.

తల మార్పిడి మాత్రం ఆగలేదు. దారి ఉందని కంపెనీయే చూపించాక షెడ్డువాళ్ళు ఊరుకుంటారా! తుక్కు దుకాణాల్లో దొరికే మామూలు క్లీవ్‌లాండ్ హెడ్లు తెచ్చి, కిందివైపు నీటి రంధ్రం మూసి, మానిఫోల్డ్ వైపు కొత్తది తొలిచి విండ్సర్ బ్లాకులకు పెట్టసాగారు. రెండు పేర్లూ కలిపి ఆ సంకరానికి "క్లీవర్" అని పేరు కూడా పెట్టారు. బేతాళుడి చిక్కు ప్రశ్నను పేరుతోనే దాటేశారన్నమాట. క్లీవ్‌లాండ్ హెడ్డు రంధ్రాలు అరంగుళం బోల్టులకు చేసినవి, 302 బ్లాకు బోల్టులేమో అంగుళంలో పదహారింట ఏడు వంతులు. ఆ కాస్త సందు పూడ్చడానికి ప్రతి రంధ్రంలోనూ ఒక చిన్న ఉక్కు బుష్ దిగ్గొడతారు.