నిప్పురవ్వలు అమ్మే గల్లీలు

కోఠీ మహిళా కళాశాల గోడ దాటి, సుల్తాన్ బజార్ రద్దీని వెనక వదిలి, మెట్రో స్తంభాల వెంబడి మూసీ వైపు వస్తుంటే బట్టల దుకాణాలు పలచబడి కొత్త రబ్బరు వాసన, గ్రీజు వాసన తగులుతాయి. అదే మా పుత్లీబౌలి. ఇక్కణ్ణించి గౌలిగూడ దాకా, ఇటు జాంబాగ్ వైపు, దుకాణాల ముందు బండి అద్దాలు, క్లచ్ కేబుళ్లు, సైలెన్సర్లు, సీటు కవర్లు వేలాడుతుంటాయి. కొత్త బండ్ల సామాను కోసం వచ్చేవాళ్లు ముందు వరస దుకాణాల్లోనే పని ముగించుకుని వెళ్లిపోతారు. నేను రాయబోయేది లోపలి గల్లీల గురించి. నలభై, యాభై ఏళ్ల కిందటి మోటారు సైకిలు రవ్వ పుట్టక మొరాయిస్తే, ఒక పాయింటు సెట్టో, కండెన్సరో, మాగ్నెట్ కాయిలో వెతుక్కుంటూ ఆ గల్లీల్లోకే రావాలి. మా పేటలో గుళ్ల మీద, దేవిడీల మీద, రెసిడెన్సీ భవనం మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ విడిభాగాల బజారు కూడా మా చరిత్రే.

బజారు ఇక్కడే ఎందుకు పుట్టిందంటే, నా లెక్కలో కారణం బస్సులు. ఇప్పటి సుల్తాన్ బజారు 1933 దాకా రెసిడెన్సీ బజారు. బ్రిటిష్ రెసిడెంటు చేతిలో ఉండి ఆ ఏడాదే నిజాముకు తిరిగొచ్చింది. అంతకు ఒక ఏడాది ముందు, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. గౌలిగూడలోని పెద్ద ఉక్కు షెడ్డు ఆ బస్సులకు నీడైంది. అమెరికాలో తయారైన ఆ షెడ్డును మిసిసిపి ఎయిర్‌క్రాఫ్ట్ హ్యాంగర్ అనేవారు. నడుమ ఒక్క స్తంభం లేకుండా కమానులా వంగిన రేకుల కప్పు అది. తరవాత ఆర్టీసీ వచ్చింది, 1994లో ఇమ్లీబన్‌లో కొత్త బస్టాండు కట్టేదాకా జిల్లాల బస్సులు ఇక్కణ్ణించే కదిలేవి. బస్సులున్న చోట ఫిట్టర్లు, డైనమో రిపేరు వాళ్లు, కాయిల్ చుట్టేవాళ్లు చేరతారు. వాళ్లకు సామాను అమ్మేవాళ్లూ చేరతారు. మా నాయన తరం వాళ్లు చెప్పేదీ ఇదే: ముందు బస్సుల, లారీల సామాను దుకాణాలు వచ్చాయి, రెండు చక్రాల బండ్ల సామాను వాటి అరల్లో ఒక మూల మొదలై మెల్లగా దుకాణమంతా ఆక్రమించింది.

ఆ షెడ్డు 2018 జూలై 5న కూలిపోయింది. కప్పు నుంచి చప్పుళ్లు వస్తుండటంతో ముందే బస్సులను ఆపేశారు, అందువల్ల ప్రాణాలు పోలేదు. ఆ పూట వంగిపోయిన ఆ ఉక్కు కుప్పను చూసి రానివాళ్లు మా పేటలో తక్కువ. మా బజారుకు పుట్టిల్లు అదే. దాన్ని నిలబెట్టుకోలేకపోయామన్న బాధ నాకింకా తగ్గలేదు.

రెండు చక్రాల కాలం మూడు ఊళ్ల నుంచి వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై బుల్లెట్లు రావడం మొదలైంది. మైసూరులో ఐడియల్ జావా అరవైల మొదట్లో చెకోస్లొవేకియా జావా బండిని తయారు చేసింది. అదే డెబ్బైల్లో యెజ్డీ అయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడేదాకా నడిచింది. ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ వాళ్లు పోలండ్ బండి నమూనా మీద రాజ్‌దూత్ 175 కట్టారు. మా సనత్‌నగర్ అల్విన్ కంపెనీ పుష్పక్ అని స్కూటరూ తెచ్చింది. జిల్లాల్లో పాలవాళ్లకు, విత్తనాల వ్యాపారులకు రాజ్‌దూత్. పోలీసు జమాదారుకు, మోతుబరికి బుల్లెట్. కాలేజీ కుర్రాళ్లకు జావా, యెజ్డీ. ఈ బండ్లన్నిటికీ ప్రాణం పెట్రోలులో కన్నా ఎక్కువగా ఒక చిన్న ముక్కలో ఉండేది. పాయింటు.

పాయింటంటే రెండు చిన్న టంగ్‌స్టన్ బిళ్లలు. ఒకటి కదలదు. ఇంకొకటి ఒక స్ప్రింగు చేతి మీద ఉంటుంది. ఆ చేతికి ఫైబరు మడమ ఒకటి ఉండి, ఇంజనుతో తిరిగే క్యామ్ మీద రాసుకుంటూ ఉంటుంది. క్యామ్ ఎత్తు వచ్చినప్పుడల్లా బిళ్లలు విడిపోతాయి, కాయిల్‌లో కరెంటు టక్కున తెగుతుంది, ఆ తెగిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర రవ్వ పుడుతుంది. రాజ్‌దూత్, జావా రెండూ టూ స్ట్రోకు బండ్లు కాబట్టి చుట్టుకో రవ్వ కావాలి. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితే పాయింటు నాలుగు వేల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. విడిపోయినప్పుడు రెండు బిళ్లల మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటరు దగ్గర ఉండాలి. ప్లగ్గు గ్యాపుకైతే మా మెకానిక్కులు హాక్‌సా బ్లేడు దూర్చి సరిపెట్టుకుంటారు గానీ, పాయింటు దగ్గర అది కుదరదు; బ్లేడు మందం అంతకన్నా ఎక్కువ. అక్కడ ఫీలర్ గేజ్ తీయాల్సిందే.

టైమింగు పెట్టడం చూడాలంటే పాత చేయి తిరిగిన మెకానిక్కు పక్కన కూర్చోవాలి. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి సైకిల్ పుల్ల దించి పిస్టను ఎక్కడుందో పట్టుకుంటాడు. సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితాన్ని ముక్క చించి పాయింట్ల మధ్య ఇరికిస్తాడు. ఒక చేత్తో కాగితాన్ని సున్నితంగా లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇంజనుతో తిరిగే మాగ్నెట్ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతాడు. కాగితం జారి వచ్చిన చోటే పాయింటు తెరుచుకున్న చోటు. అది పిస్టను పైకి చేరడానికి ముందు, కంపెనీ చెప్పినన్ని మిల్లీమీటర్ల కింద ఉండాలి. లేకపోతే పాయింటు బిగించిన ప్లేటు స్క్రూలు వదులు చేసి మళ్లీ మొదటినుంచి. బుల్లెట్టుది ఇంకో పద్ధతి. హెడ్‌లైటు దగ్గరి ఆంపియర్ మీటరు ముల్లే చెప్తుంది: పాయింట్లు మూసుకుని ఉంటే ముల్లు ఒక పక్కకు వాలుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. ఆ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కి, డీకంప్రెసర్ నొక్కి, పిస్టనును కాస్త దాటించి అప్పుడు తొక్కితే మర్యాదగా స్టార్టవుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ల పిక్కలకు కిక్కు తిరగబడ్డ దెబ్బలు ఎన్నో.

ఇక దుకాణం. గల్లీలో దుకాణం అంటే కౌంటరు, వెనక గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క సొరుగులు, పైన అట్టపెట్టెలు. ఏ సొరుగు మీదా పేరు ఉండదు. కుర్రాడొకడు వచ్చి జావా పాయింటు కావాలన్నాడు. ముసలి సేఠ్ చేయి చాపాడు.

"పాతది తెచ్చినవా?"

"లేదు సేఠ్, బండి సంవత్సరం చెప్తా."

"సంవత్సరంతోని ఏం జేస్త బేటా? ఎవరెవరు ఏమేమి మార్చిన్రో నీకు తెల్వది, నాకు తెల్వది. పాతది విప్పి పట్టుకరా, పో."

ఇది కసురుకోవడం కాదు. యాభై ఏళ్లుగా ఎన్ని చేతులు మారిందో తెలియని బండి లోపల అసలు ప్లేటే ఉందో, మరో బండి ప్లేటు ఎక్కించారో చెప్పలేం. పాత ముక్క చేతిలో పడితే సేఠ్ దాన్ని తిప్పి చూసి, పైవట్ రంధ్రం మీద వేలు పెట్టి, ఫలానా బండిదని చెప్పేస్తాడు. ఏ ముక్క ఏ బండికి కూర్చుంటుందో, ఏది కాస్త ఆకురాయి వేస్తే కూర్చుంటుందో, ఏది కూర్చున్నట్టే కనిపించి వారంలో దెబ్బతీస్తుందో ఆయనకు నోటి లెక్క. ఈ జ్ఞానం ఏ కేటలాగులోనూ లేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా దీని కోసమే. హ్యాంగరు కూలితే ఫొటోలైనా మిగిలాయి. ఈ సేఠ్ దుకాణం ఎత్తేస్తే ఆయన లెక్క ఆయనతోనే పోతుంది.

డూప్లికేటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పాయింటు డూప్లికేటైతే మొదట తెలియదు. బండి స్టార్టవుతుంది, రెండు రోజులు బాగానే పోతుంది. తరవాత ఫైబరు మడమ అరుగుతుంది. మడమ అరిగితే గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే టైమింగు వెనక్కి పడుతుంది, ఇంజను వేడెక్కి పికప్ చచ్చిపోతుంది. స్ప్రింగు మెత్తనిదైతే తక్కువ వేగంలో ఏమీ అనిపించదు. ఎక్స్‌లేటరు తిప్పితే పాయింటు సమయానికి మూసుకోలేక మిస్సింగు కొడుతుంది. జనం కార్బొరేటరు విప్పి కడుగుతూ కూర్చుంటారు. కొనేముందు వెలుతురుకు పట్టి రెండు బిళ్లలు ఒకదానిమీద ఒకటి సమంగా కూర్చుంటున్నాయా చూడండి. వేలితో చేతిని ఎత్తి వదలండి, టక్కున పడాలి. రివెట్టు దగ్గర కదిలితే వెనక్కి ఇచ్చేయండి.

పాయింటుకైతే పాత స్టాకు మేలు. ఇరవై ఏళ్లు డబ్బాలో ఉన్నా, బిళ్లల మీద పట్టిన మసక తుడిస్తే కొత్తదే. పాయింట్ల మధ్య రవ్వ కొట్టకుండా కాపాడే కండెన్సరుకు ఆ మోజు పనికిరాదు. కండెన్సరు లోపల పల్చటి లోహపు రేకు, కాగితం పొరలు పొరలుగా చుట్టి ఉంటాయి. వాడకపోయినా ఏళ్లకొద్దీ చెమ్మ పీల్చి లోపలే చెడిపోతుంది. కంపెనీ ముద్ర, పసుపు పడిన అట్టపెట్టె చూసి మురిసిపోయి తెచ్చుకుంటే, మీటరు మీద లెక్క సరిగ్గానే చూపిస్తుంది, బండి వేడెక్కగానే ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ కదులుతుంది. పాయింట్ల మధ్య నీలం రవ్వలు గట్టిగా కొడుతూ, బిళ్లలు నల్లగా మాడుతుంటే అనుమానించాల్సింది కండెన్సరునే. మా దగ్గరి మెకానిక్కులు దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు: మాగ్నెట్ లోపలి వేడిలో దాన్ని పెట్టకుండా, వైరు బయటికి లాగి, కాయిల్ పక్కన కొత్త కండెన్సరు బిగిస్తారు. అసలు రూపం చెడిందని గునిసేవాళ్లుంటారు. ఊరు చేరాల్సిన బండికి ఇదే సరైన పని అని నేనంటాను.

మాగ్నెట్ బలం తగ్గితే, దానికి చార్జింగు పెట్టేవాళ్లు ఉన్నారు. కాయిల్ కాలితే అదే ఇనుప దిమ్మ మీద కొత్త రాగి తీగ చుట్టేవాళ్లూ ఉన్నారు. వీళ్ల దుకాణాలకు బోర్డులు ఉండవు, సామాను దుకాణంలో అడిగితే పిల్లవాణ్ణి తోడిచ్చి పంపుతారు. కాయిల్ మార్చాలని వచ్చినవాణ్ణి, మార్చొద్దు చుట్టించుకో అని తన బేరం వదులుకుని పంపిన సేఠ్‌లను చూశాను.

1985లో ఆర్‌ఎక్స్ 100 బండి వచ్చాక కథ మారింది. అందులో పాయింట్లు లేవు, సీడీఐ అనే ఎలక్ట్రానిక్ డబ్బా. గ్యాపు లేదు, అరగడం లేదు, వానలో తడిసినా తన్నగానే లేస్తుంది. కానీ ఆ డబ్బా లోపల అంతా లక్కలాంటి పదార్థం పోసి మూసేసి ఉంటుంది. పోతే పోయినట్టే. విప్పేందుకు, గీకేందుకు, సర్దేందుకు ఏమీ ఉండదు. అందుకే 1961 నాటి జావాకు రవ్వ పుట్టించడం కన్నా, దానికన్నా పాతికేళ్లు చిన్నదైన ఆర్‌ఎక్స్ 100కు అసలు జపాన్ డబ్బా దొరకబుచ్చుకోవడం ఇవాళ కష్టం. డూప్లికేట్లు కొల్లలు, అసలుది దొరికితే సేఠ్ సొరుగులోంచి కాదు, ఇనప్పెట్టెలోంచి తీస్తాడు.

గల్లీల్లో దొరకనివాళ్లు గురువారం జుమేరాత్ బజారుకు, ఆదివారం ఎర్రగడ్డ సంతకు పోతారు. అక్కడ గోనె మీద కుప్ప పోసిన సామానులో ఫ్లైవీల్, అంటే మాగ్నెట్ చక్రం, కనపడొచ్చు. కొనేటప్పుడు లోపలి హాఫ్‌మూన్ కీ కూర్చునే గాడి చూసుకోవాలి. అది అరిగి ఉంటే చక్రం జారి టైమింగు నిలవదు. జావాకు ఇప్పుడు చెక్ దేశం నుంచి పన్నెండు వోల్టుల ఎలక్ట్రానిక్ కిట్లు కూడా వస్తున్నాయి. స్తోమత ఉన్నవాళ్లు తెప్పించుకుంటున్నారు. తప్పేమీ లేదు, కానీ విప్పిన పాత ప్లేటును తుక్కులో వేయకండి. అది మరొకరి బండికి దొరకని ముక్క.

2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజిగా నమోదు చేసుకునే నిబంధన తెచ్చింది. రూ. 20,000 కట్టి పదేళ్లకు వీఏ నంబరు తీసుకోవచ్చు, రోజువారీ వాడకానికి మాత్రం కాదు. దానితో తాతల బండ్లు గొడ్ల పాకల్లోంచి బయటికి వస్తున్నాయి. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీల వాళ్లు పండగ చేసుకుంటారు. దానికి ముందు వారం మా గల్లీల్లో ఇరవై ఏళ్ల పిల్లలు పాత పాయింట్లు రుమాల్లో చుట్టుకుని తిరుగుతూ కనిపిస్తారు. అదే సమయంలో దుకాణాలు ఒకటొకటిగా హెల్మెట్లకు, ఫ్యాన్సీ లైట్లకు మారుతున్నాయి. సేఠ్‌ల కొడుకులకు సొరుగుల మీద ఆసక్తి లేదు, వాళ్లను తప్పు పట్టను; నెలకు నాలుగు పాయింట్లు అమ్మి ఈ అద్దెలు కట్టలేరు.

నేను కొన్నాళ్లుగా ఒక నోటుబుక్కు పెట్టి, సేఠ్‌లు చెప్పినట్టుగా ఏది దేనికి కూర్చుంటుందో రాసుకుంటున్నాను. బొమ్మ గీసి, రంధ్రాల మధ్య దూరం కొలిచి రాస్తున్నాను. రాజ్‌దూత్, యెజ్డీ పేజీలు చాలావరకు నిండాయి. మాగ్నెటో, డైనమో కలిసి ఉండే పాత బుల్లెట్టు మాగ్‌డైనమో పేజీ దాదాపు ఖాళీగా ఉంది. మీ ఇంట్లో, మీ ఊరి మెకానిక్కు డబ్బాలో దాని ముక్కలుంటే పట్టుకుని రండి, కొలతలు తీసుకుని అక్కడికక్కడే ఇచ్చేస్తాను. పొద్దున్నే వస్తే షట్టర్లు దించే ఉంటాయి, ఆదివారం అసలే వద్దు. పనిరోజు మధ్యాహ్నం రండి, అప్పటికి సేఠ్‌లు కౌంటరు మీద ఉంటారు.