వృద్ధసేవకుల వృత్తిక్షేమము

వార్ధక్యముచేతను వ్యాధిచేతను పరాధీనులైన వారికి స్నానపానాదులు జరుపుచు, వేళకు మందులిచ్చుచు, రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండువారి దేహారోగ్యము, మనస్స్వాస్థ్యము, వేతనము, విశ్రాంతి అను నాలుగింటి సమాహారము వృద్ధసేవకుల వృత్తిక్షేమ మనబడును. వృద్ధాశ్రమములలోని ఆయాలు, ఇండ్లకు వచ్చు అటెండర్లు, నర్సులు, కొంతమేరకు ఆశా కార్యకర్తలును ఈ కోవలోనివారు. జీతము ముట్టని కోడండ్రను, కూతుండ్రను గూడ ఇందు చేర్చవలయునా యను విషయమున అభిప్రాయభేదములు కలవు గాని, పల్నాటి గ్రామములను గూర్చి వ్రాయునపుడు వారిని విడిచినచో చెప్పుటకు మిగులునది స్వల్పము.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో దుర్గి యొక మండలకేంద్రము. ఇచ్చటి రాతిచెక్కడములు భౌగోళిక గుర్తింపు పొందినవి. ఊరి శిల్పము ఖ్యాతి గాంచినను, చుట్టుపట్ల జనులకు అన్నము పెట్టునవి మిర్చి, పత్తి చేలే. సంక్రాంతి మొదలు ఎండలు ముదురువరకు సాగు మిరపకోతల కాలమున, కూలికి పోగల ప్రతి స్త్రీకిని చేలో గిరాకి యుండును. ఆ దినములందు మంచము పట్టిన అత్తగారిని చూచుకొనుచు ఇంట నిలిచిపోయిన కోడలు కోల్పోవు కూలి ఏ లెక్కలోను చేరదు. పోనీ, జీతమునకు మనిషిని పెట్టుకొందమన్నను అప్పుడు దొరకుట దుర్లభము.

ఈ పనిలోని దేహశ్రమ యెట్టిదో తెలియగోరువారు నులకమంచమును చూడవలయును. అది ఎత్తు తక్కువ, నడుమ పల్లము, పక్షవాతము వచ్చిన మనిషి ఆ పల్లములోనికే జారుచుండును. వీపున పుండ్లు పడకుండుటకై రెండేసి గంటల కొకమారు ప్రక్కకు తిప్పవలెనని వైద్యులు చెప్పుదురు. తిప్పునది ఒక్క స్త్రీ. నడుము వంచి, పాత నూలుచీరను మడతపెట్టి రోగి క్రిందికి దూర్చి, దాని కొసలు పట్టి తనవైపునకు లాగుకొనును. రోగిని చేతులతో ఎత్తుటకు 2007లో అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ సూచించిన పరిమితి సుమారు 16 కిలోలు. నలుబది కిలోల రాతిని కదల్పవలసి వచ్చినపుడు దుర్గి శిల్పి ఇంకొకరిని కేకవేయును. అంతే బరువుగల ముసలమ్మ విషయమున కేకవేయుటకు రెండవ మనిషి ఇంట లేడు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఇచ్చటికి దూరము కాదు గనుక, వేసవిలో పగటినిద్రకును ఆశ తక్కువ.

మనఃక్లేశము ఇంతకంటె సూక్ష్మమైనది. సేవావృత్తులవారిని ఆవరించు నిస్త్రాణను 1974లో మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బెర్గర్ వర్ణింపగా, 1981లో మరియొక మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ దానిని కొలుచుటకు ప్రశ్నావళి రచించి, భావశక్తి హరించుట, ఎదుటివారిని మనుష్యులుగ భావింపకపోవుట, చేసిన పని వ్యర్థమనిపించుట అని మూడు లక్షణములు చెప్పెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగ గాక, వృత్తివలన కలుగు స్థితిగ పరిగణించినది. మతిమరుపు ముదిరిన పెద్దాయన, భోజనమైన పావుగంటకే తనకెవరును అన్నము పెట్టలేదని వీధి అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారితో చెప్పినపుడును, ఇంట ఉంగరము కనబడనపుడు తొలి యనుమానము తనమీదనే వ్రాలినపుడును ఆయా పడు వేదనకు ఏ ప్రశ్నావళి చాలును? ఈ సేవను పుణ్యకార్యమని పొగడుట మనలో వాడుక. ఆ పొగడ్తచే జీతము పెరిగిన దాఖలా కానరాదు గాని, సెలవడిగిన ఆయాను దయలేనిదనుటకు మాత్రము అది చక్కగ పనికివచ్చుచున్నది.

ప్రభుత్వసహాయము ప్రధానముగ వృద్ధుల పేరనే యున్నది. ఎన్టీఆర్ భరోసా పథకము క్రింద 2024 నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతముచే మంచమునకో చక్రాలకుర్చీకో పరిమితులైన వారికి 15,000. సచివాలయ ఉద్యోగులు దానిని ఇంటికే తెచ్చి యిత్తురు. ఇందు సేవచేయువారి పేర పైసయు లేదు. అయినను నెలజీతమునకు మనిషిని పెట్టుకొనదలచిన బీదకుటుంబమునకు ఈ రెండవ మొత్తము కొంత ఆధారమే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము సంతానమునకు బాధ్యత విధించినదే గాని, ఆ బాధ్యతను చేతులతో మోయువారి పనిగంటల జోలికి పోలేదు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తలు కొంత అదృష్టవంతులు: 2025 మార్చిలో రాష్ట్రప్రభుత్వము వారికి గ్రాట్యుటీని, 180 దినముల ప్రసూతి సెలవును ప్రకటించి, పదవీవిరమణ వయస్సును 62 ఏండ్లకు పెంచినది. సంఘముగ నిలిచి అడుగగలిగినవారికి దక్కినది, ఒక్కొక్క యింట ఒంటరిగ నున్న ఆయాకు దక్కలేదు.

ఇండ్లలో ఒంటరిగ పనిచేయువారికి పరదేశమున చట్టమైనను కలదు. కడప, గోదావరి జిల్లాలనుండి కువైట్‌కు ఇంటిపనికై పోయిన స్త్రీలలో అచ్చటి వృద్ధులను చూచుకొనువారును కలరు. ఆ దేశపు 2015 నాటి 68వ నంబరు చట్టము దినమునకు 12 గంటలకు మించని పనిని, వారమున కొక సెలవును విధించినది. దాని అమలు లోపభూయిష్టమని హక్కుల సంఘములు ఆక్షేపించుచునే యున్నవి. ఇంటిపనివారికై అట్టి ప్రత్యేకచట్టము భారతదేశమున ఇంకను లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ లోటును ఎత్తిచూపి, చట్టపు ఆవశ్యకతను పరిశీలించుటకు నిపుణుల సంఘమును ఏర్పరుపవలసినదిగ కేంద్రమును ఆదేశించినది.