బ్లాకుల లెక్క నుంచి అరకు ఘాట్ దాకా: ఘర్షణ కథ

ఇంటర్ ఎంపీసీ చదివిన ప్రతి ఒక్కరినీ ఒక్కసారైనా ఏడిపించిన లెక్క గురించి ఈరోజు మాట్లాడుకుందాం. వాలు తలం మీద ఒక బ్లాకు, దానికో తాడు, తాడు చివర ఇంకో బ్లాకు. మ్యూ ఇంత, మరి తన్యత ఎంత? చాలామంది డౌట్ ఒకటే. ఇవి ఎక్కడి బ్లాకులు, ఎవడు లాగుతున్నాడు వీటిని?

సమాధానం మన జిల్లాల్లోనే ఉంది. మా కోటబొమ్మాళి స్టేషన్ మీదుగా పోయే హౌరా–చెన్నై లైను తీరం వెంబడి దాదాపు చదునుగా ఉంటుంది. గూడ్సు బండి గడగడా వెళ్లిపోతుంది. అలాంటి బండే విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర కిరండూల్ లైనులోకి తిరిగి శృంగవరపుకోట దాటిందనుకోండి, ముందు కొండలే. ఇంజనూ వ్యాగన్లూ కలిపి చూస్తే అచ్చంగా మన లెక్క. వాలు తలం, వరసగా కట్టిన బ్లాకులు, మధ్యలో కప్లింగులు. తాడు బదులు ఇనప కొక్కెం, అంతే తేడా.

ముందు మ్యూ ఎలా పుట్టిందో చూద్దాం. 1490ల్లోనే లియొనార్డో డావిన్చీ తన నోటుపుస్తకాల్లో బల్ల మీద చెక్క, కప్పి మీదుగా వేలాడే బరువు గీశాడు. మన పరీక్ష బొమ్మే! కానీ ఆ పేజీలు అచ్చవ్వలేదు, విషయం మరుగున పడిపోయింది. 1699లో ఫ్రాన్స్‌లో అమాంటన్స్ అనే ఆయన సైన్స్ అకాడమీ ముందు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, బరువు పెరిగితే ఘర్షణ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండు, ఆనుకున్న వైశాల్యంతో దానికి సంబంధం లేదు. రెండోది అకాడమీ వాళ్లకి మింగుడు పడలేదు. మళ్లీ ప్రయోగాలు చేసి చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది.

తర్వాత కూలుంబ్ వచ్చాడు. అవును, కరెంటు చాప్టర్లో కనిపించే ఆయనే. అసలు వృత్తి మిలిటరీ ఇంజనీరు. రోష్‌ఫోర్ ఓడల రేవులో ప్రయోగాలు చేసి 1781లో అకాడమీ బహుమతి కొట్టాడు. ఆగి ఉన్న వస్తువుని కదిలించడానికి కావాల్సిన బలం, కదిలాక జార్చడానికి కావాల్సిన బలం ఒకటి కాదని కొలిచి చూపించాడు. మన భాషలో స్థైతిక ఘర్షణ ఎక్కువ, గతిక ఘర్షణ తక్కువ. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇక రైళ్లు. ఇంగ్లండ్‌లో మొదట్లో చాలామందికి పెద్ద అనుమానం. నున్నటి ఇనప పట్టా మీద నున్నటి ఇనప చక్రం తిరిగితే అక్కడే జారుతుంది గానీ బరువుని లాగుతుందా? అందుకే 1812లో లీడ్స్ దగ్గర బ్లెంకిన్‌సోప్ పట్టాకి పళ్లు పెట్టి, పళ్ల చక్రంతో నడిపాడు. ఆ తర్వాత వైలం బొగ్గు గనిలో విలియం హెడ్లీ ఒక బండికి చేతితో తిప్పే పిడులు బిగించి, మనుషులతో తిప్పించి చూశాడు. ఇంజను బరువు సరిపడా ఉంటే పళ్లు అక్కర్లేదు, పట్టు దానంతటదే వస్తుందని తేలింది.

ఇక్కడే మన కుర్రాళ్లు ఎక్కువగా తప్పుచేస్తారు. ఘర్షణ ఎప్పుడూ చలనానికి వ్యతిరేకం అని బట్టీ పట్టేస్తారు. కాదు బాబూ. రెండు తలాల మధ్య జారుడుకి అది వ్యతిరేకం. ఇంజను చక్రం వెనక్కి జారాలని చూస్తుంది, ఘర్షణ దాన్ని ముందుకు నెడుతుంది. కొండ ఎక్కించేది ఘర్షణే.

ఇప్పుడు ఘాట్‌కి వద్దాం. బైలడిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో ఈ లైను వేశారు. శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల పైన ఉంటుంది. కొండ ఎంత నిలువుగా ఉన్నా పట్టా వాలు 60కి 1 దాటకుండా చూశారు. అంటే 60 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎత్తు. ఆ వాలులో 900 మీటర్లు ఎక్కాలంటే కనీసం 54 కిలోమీటర్ల పట్టా కావాలి. అందుకే అన్ని మెలికలు, అన్ని సొరంగాలు. అరకు రైల్లో మనం వీడియోలు తీసుకునే ఆ మలుపుల వెనక ఉన్నది ఈ లెక్కే.

లెక్క చేద్దాం, సులువు కోసం గుండ్రటి అంకెలు. ఇంజను 100 టన్నులు. ఖాళీ వ్యాగన్లు 40, ఒక్కోటి 20 టన్నులు. మొత్తం 900. దొర్లుడు నిరోధం పక్కనపెట్టి ఒకే వేగంతో ఎక్కుతోందనుకుందాం. వాలు వెంబడి కిందికి లాగేది 900లో 60వ వంతు, అంటే 15 టన్నుల బరువు. పొడి పట్టా మీద మ్యూ 0.25 అయితే ఇంజనుకి దొరికే గరిష్ఠ పట్టు 25. హాయిగా ఎక్కుతుంది. వాన పడి మ్యూ 0.1కి దిగిందా, పట్టు 10 మాత్రమే. ఇంజనులో ఎంత పవరున్నా చక్రాలు గిర్రున తిరుగుతాయి. తిరిగాయంటే స్థైతికం పోయి గతికం వచ్చినట్టే, పట్టు ఇంకా పడిపోతుంది. కూలుంబ్ చెప్పింది ఇదే. అందుకే డ్రైవరు పవరు తగ్గించి, చక్రాల ముందు ఇసక వదులుతాడు. కోట్ల రూపాయల ఇంజనుని కొండ ఎక్కించేది గుప్పెడు ఇసక!

తన్యత సంగతి? మొదటి కప్లింగు వెనకున్న 800 టన్నుల్ని మోయాలి, అంటే 13.3. చివరి కప్లింగు 20 టన్నుల్నే, అంటే మూడో వంతు టన్ను. ఒకే బండి, ఒకే వేగం, 40 రెట్లు తేడా. తెగితే పైదే తెగుతుంది. అందుకే ఘాట్లలో వెనక నుంచి నెట్టే ఇంజను పెడతారు. తాడు మీద భారం సగానికి దింపడమన్నమాట.

దిగేటప్పుడు అసలు పరీక్ష. ఖనిజంతో వ్యాగను 80 టన్నులైతే మొత్తం 3,300 టన్నులు, కిందికి తోసేది 55. ఇంజను పట్టు 25. ఒక్క ఇంజనే ఆపాలంటే కుదరదు. కానీ ప్రతి వ్యాగనుకీ తన బ్రేకు ఉంటే? చక్రం జారకుండా నిలవాలంటే మ్యూ 60లో 1 కంటే ఎక్కువుంటే చాలు. టాన్ తీటా కంటే మ్యూ ఎక్కువ, ద్రవ్యరాశి కొట్టేసుకుపోతుంది. తడి పట్టా కూడా సరిపోతుంది. ఎవరి బరువు వాళ్లు ఆపుకుంటే కప్లింగులో తన్యత సున్నా.

కాబట్టి ఈసారి బ్లాకుల లెక్క వస్తే సూత్రం వెతక్కండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏది ఎటు జారాలని చూస్తోంది? పట్టు గరిష్ఠంగా ఎంత? ఈ తాడు వెనక ఎంత బరువుంది?

హోంవర్క్: ఇదే బండికి, తడి పట్టా మీద, వెనక ఇంకో 100 టన్నుల ఇంజను తగిలిస్తే ఎక్కుతుందా? రెండో ఇంజను బరువుని కూడా ఎక్కించాలని మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.