పడవలో వేడినీరు: దుమ్ముగూడెం ఆవిరి నుండి గ్యాసు గీజరు వరకు

పడవ చుట్టూ ఎటు చూచినా నీరే. అయినా స్నానానికి ఒక బక్కెట్టు వేడినీరు కావలసివస్తే పడవవాడు పడవలోనే నిప్పు రాజేయక తప్పదు. కొయ్యతో చేసి, తారు పూసిన చెక్కల మీద నిప్పు! ఈ చిక్కును మనుష్యులు ఎట్లా తీర్చుకొంటూ వచ్చారో తెలుసుకొనడానికి మనము దూరదేశములకు పోనక్కరలేదు. ఖమ్మం అడవుల అంచున, భద్రాచలము రేవులోనే కథ మొదలుపెట్టవచ్చును.

నాటుపడవలలో మట్టి మందముగా పరచి, దాని మీద పొయ్యి పెట్టి వండుకొనేవారు. మట్టి ఉష్ణమును త్వరగా ప్రసరింపనీయదు కనుక కింది చెక్క కాలేది కాదు. పైన కప్పు లేదు కనుక పొగ గాలిలో కలిసిపోయేది. ఈ రెండవ సంగతిని ఎవరూ లెక్కపెట్టలేదు. మన కథలో ప్రాణముల మీదికి వచ్చేది మాత్రము దానితోనే.

1852లో ధవళేశ్వరము ఆనకట్టను పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్‌కు గోదావరి అంటే సాగునీరు మాత్రమే కాదు, పెద్ద బాట కూడా. బేరారు, నాగపూరు సీమల పత్తిని ఏటి మీదుగా సముద్రపు రేవుకు దింపాలని ఆయన పట్టుదల. దారిలో దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి వద్ద రాతి గుట్టల మీదుగా నీరు ఉరకలు వేస్తుంది. అక్కడ పడవ సాగదు. 1860లో భద్రాచలము తాలూకా నిజాము చేతి నుండి ఇంగ్లీషువారికి వచ్చినది. హేగ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యమున దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టనారంభించారు. అమెరికా అంతర్యుద్ధము (1861–65) వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువు రావడముతో పని ఊపందుకొన్నది. యుద్ధము ముగిసినది, 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరినది. ఇక పత్తికి ఏటిబాటతో పనిలేకపోయినది. 1871లో పనులు ఆపివేశారు. విచిత్రమేమంటే, ఆ 1871లోనే భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టరు కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. బాయిలర్లకు మంచి ఇంధనము చేతికి అందే వేళకు పడవల పథకము మూలపడినది.

ఆవిరి పడవలో వేడినీటికి కొదవ లేదు. ఒక కిలో నీటిని 25 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు తేవడానికి 25 కిలోకెలోరీలు చాలును. మరుగుతున్న అదే నీటిని ఆవిరిగా మార్చడానికి ఇంకా 540 కిలోకెలోరీలు కావలెను. అంటే బాయిలరు మింగే ఉష్ణములో స్నానపు నీటి వాటా చిటికెడు మాత్రమే. చిక్కు అంతా బరువుతోనే. బాయిలరు, దానిలోని నీరు, పక్కన పేర్చిన కట్టెలు కలిసి పడవను లోతుగా దింపుతాయి. ఎండాకాలము గోదావరిలో ఇసుకతిన్నెల మధ్య పాయ పలచబడినప్పుడు, ఆర్కిమెడీజు సూత్రము పుస్తకములో కాక పడవ అడుగునే కనబడుతుంది.

తరువాత డీజిలు లాంచీలు వచ్చినవి. డీజిలు యంత్రములో కాలిన నూనె ఉష్ణములో ఇంచుమించు నాలుగవ వంతు యంత్రమును చల్లబరచే నీటిలోనికి పోతుంది. ఆ నీటిని ఒక రాగి గొట్టపు చుట్టలో నడిపి, ఆ చుట్టను స్నానపు నీటి తొట్టిలో ముంచితే వేడినీరు ఉచితముగా వచ్చినట్లే. నా ఉద్దేశములో ఏటి పడవకు ఇంతకన్న మంచి ఏర్పాటు లేదు. లోపము ఒక్కటే: యంత్రము ఆగితే వేడి ఆగుతుంది. రాత్రి లంగరు వేసి నిలిచిన పడవలో తెల్లవారుజామున వేడినీరు కావాలంటే వేరే దారి వెదకవలెను. గ్యాసు అక్కడ ప్రవేశిస్తుంది.

గ్యాసుతో అప్పటికప్పుడు నీటిని వేడిచేసే సాధనమునకు 1868లో లండనులో బెంజమిన్ మాన్ అనే రంగులు వేసే పనివాడు పేటెంటు తీసుకొన్నాడు. ఐసులాండులోని వేడినీటి ఊటల పేరు మీద దానికి ‘గీజరు’ అని పేరు పెట్టాడు. నేడు మనము కరెంటు యంత్రమును కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నాము. ఆయన సాధనమునకు పొగగొట్టము లేదు. మంట నుండి వచ్చే వాయువులు స్నానపుగదిలోనే మిగిలేవి. 1889లో అమెరికాలో స్థిరపడిన నార్వే ఇంజనీరు ఎడ్విన్ రూడ్ తనంతట తాను వెలిగి ఆరే హీటరును తయారుచేశాడు. జర్మనీలో 1890ల నుండి హీటర్లు చేసిన హ్యూగో యుంకర్సే 1915లో మొత్తము లోహముతో విమానమును నిర్మించిన వాడు. పలుచని లోహపు రేకులతో పని ఆయనకు రెండు చోట్లా అక్కరకు వచ్చి ఉండవచ్చును.

సీసాలో నింపి మోయదగిన గ్యాసు లేనిదే ఇది పడవ ఎక్కలేదు. 1910 తరువాత అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ పెట్రోలు నుండి ప్రొపేను, బ్యూటేను వాయువులను వేరుచేసి, పీడనముతో ద్రవముగా మార్చే మార్గము చూపాడు. మన దేశములో 1955లో బొంబాయిలోను, 1965లో ఇండేన్ పేరుతో కలకత్తాలోను వంటగ్యాసు ఇండ్లకు వచ్చినది.

ఇక ఎంత గ్యాసు కావలెనో లెక్కవేద్దాము. నిమిషమునకు 5 లీటర్ల నీటిని 25 డిగ్రీలు పెంచడానికి 125 కిలోకెలోరీలు. కిలో వంటగ్యాసులో సుమారు 11,000 కిలోకెలోరీలు ఉన్నవి. అందులో నూటికి 80 పాళ్లు నీటికి అందుతాయనుకొంటే నిమిషమునకు 14 గ్రాముల గ్యాసు కాలుతుంది. ఇంతే కదా అనిపిస్తుంది. కాని ఆ 14 గ్రాములు కాలడానికి దాదాపు 180 లీటర్ల గాలి కావలెను. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల పడవగదిలో ఉన్న గాలి 12,000 లీటర్లు. పావుగంట స్నానములో దానిలో ఐదవ వంతుకు పైగా మంట పాలవుతుంది. కిటికీ మూసి ఉంటే ఆమ్లజని తగ్గి, గ్యాసు సగముగా కాలి, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను ఆమ్లజని కన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మనిషి నిద్రలోనే పోతాడు. 2014 జనవరిలో ఇంగ్లండులోని విట్‌బీ రేవులో ‘ఎష్కోల్’ అనే చేపల పడవలో ఇద్దరు జాలరులు చలికి గ్యాసు పొయ్యి గ్రిల్లు వెలిగించుకొని పడుకొని, మరి లేవలేదు. మన పట్టణాలలో ఇరుకు స్నానపుగదులలో బిగించిన గ్యాసు గీజర్లు చేస్తున్నదీ ఇదే. నాటుపడవ పొయ్యికి ఈ దోషము ఎందుకు లేదో ఇప్పుడు తెలిసినది కదా!

రెండవ అపాయము కాలని గ్యాసుది. ప్రొపేను అణుభారము 44, బ్యూటేనుది 58, గాలిది సగటున 29. ఇంటిలో కారిన గ్యాసు గడప దాటి పోవచ్చును. పడవ అడుగు గిన్నె వంటిది. కారిన గ్యాసు అక్కడ చేరి, దారి లేక నిలుస్తుంది. గాలిలో నూటికి సుమారు రెండు పాళ్లకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో నిరపాయముగా చూపవచ్చును. బొగ్గుపులుసు వాయువు అణుభారము కూడా సరిగా 44. తినేసోడాపై నిమ్మరసము పిండి, ఒక గాజు గిన్నెలో పుట్టిన వాయువును, మెట్లుగా నిలిపిన కొవ్వొత్తులు గల మరొక గిన్నెలోనికి నీటివలె వంచండి. అడుగు కొవ్వొత్తి ముందు ఆరుతుంది.

2018 మే నెలలో దేవీపట్నం దగ్గర పాపికొండల లాంచీ ఒకటి మంటలలో చిక్కుకొన్నది. ప్రయాణికులు బయటపడ్డారు. కారణము ఏదైనా, నడి ఏట మంటకు పారిపోయే దారి ఉండదు.

కాబట్టి పడవకు హీటరు ఎంచేటప్పుడు ధర కన్న ముందు అడగవలసినది, అది గాలి ఎక్కడి నుండి తీసుకొంటుందని. బయటి గాలినే గొట్టముతో పీల్చి, పొగను బయటికే వదిలే మూసిన రకమే పడవగదికి తగినది. సిలిండరు పైతట్టు మీద, గదితో సంబంధము లేని పెట్టెలో, నిలువుగా ఉండవలెను. ఆ పెట్టె అడుగున రంధ్రము ఉండి, అది పడవ బయటికి, నీటిమట్టమునకు పైన తెరుచుకోవలెను. నీరు పారుతున్నప్పుడే గ్యాసు తెరిచే రబ్బరు పొర హీటరులో ఉంటుంది. దానిని కదల్చడానికి నీటికి పీడనము కావలెను. కప్పు మీది తొట్టి ఒక మీటరు ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు వంద గ్రాముల ఒత్తిడి మాత్రమే వస్తుంది. చాలా హీటర్లకు ఇది చాలదు, కనుక చిన్న పంపు పెట్టాలి. వానకాలపు ఎర్రనీటిలోని ఒండ్రు ఆ పొరకు అడ్డుపడుతుంది కనుక ముందు జల్లెడ ఉండవలెను. కార్బన్ మోనాక్సైడు అణుభారము 28, గాలితో ఇంచుమించు సమానము. దానిని పసిగట్టే గంటను పడుకొన్నవారి తల ఎత్తులో బిగిస్తారు. వంటగ్యాసును పసిగట్టే గంట వేరు, దాని చోటు పడవ అడుగున.