కటి భాగపు రేడియేషన్ అనంతరం ప్రేగుల బాధలు - జాగ్రత్తలు

గర్భాశయ ముఖద్వారం, ప్రోస్టేట్, పురీషనాళం వంటి అవయవాల కేన్సర్లకు ఇచ్చే రేడియేషన్ చికిత్స సమీపంలోని ప్రేగుల లోపొరను కూడా కొంత దెబ్బతీస్తుంది. అందువలన కలిగే విరేచనాలను, రక్తస్రావాన్ని సిగ్గుతో దాచుకొనేవారు, మొలలుగా భ్రమపడేవారు ఉన్నారు. ఇవి వైద్యంతో అదుపులోకి తేగలిగిన బాధలు.

చికిత్స కాలంలో:
రేడియేషన్ మొదలైన 2, 3 వారాలకు నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి కనిపిస్తాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు చాలామందిలో ఇవి తగ్గిపోతాయి. అంతవరకు మెత్తని అన్నం, ఇడ్లీ, పలుచని మజ్జిగ, అరటిపండు కొద్దికొద్దిగా తీసుకోవాలి. కారం, వేపుళ్లు, కాఫీ, మద్యం మానాలి. పాలు పడనివారు వాటిని ఆపి చూడాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై సూచించిన కొలత నీటిలో పూర్తిగా కలిపి త్రాగాలి. విరేచనాలు కట్టే లోపరమైడ్ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. జ్వరం, రక్తం ఉన్నప్పుడు స్వయంగా వాడరాదు.

నెలలు, సంవత్సరాల తరువాత:
కొందరిలో 3 నెలలు దాటిన పిమ్మట, మరికొందరిలో ఏళ్ల తరువాత బాధలు మొదలవుతాయి. కారణాన్నిబట్టి వైద్యం మారుతుంది. పైత్యరస లవణాలను ప్రేగు తిరిగి గ్రహించలేకపోతే కొలెస్టిరమైన్, చిన్నప్రేగులో సూక్ష్మజీవులు అధికమైతే యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. పురీషనాళపు రక్తస్రావానికి సుక్రాల్ఫేట్ ఎనిమా ఉపకరిస్తుంది. మలం ఆపుకోలేనివారికి కటి కండరాల వ్యాయామాలు మేలు చేస్తాయి.

ఆసుపత్రి కాగితాలు:
బెంగుళూరు కిద్వాయి, చెన్నై అడయారు, కటక్ ఆచార్య హరిహర్, ముంబై టాటా మెమోరియల్ వంటి దూరపు ఆసుపత్రులలో చికిత్స పొంది స్వగ్రామం చేరినవారు, ఏ భాగానికి ఎంత రేడియేషన్ ఇచ్చారో తెలిపే సారాంశ పత్రాన్ని భద్రపరచాలి. రేడియేషన్ తగిలిన చోట గాయం త్వరగా మానదు. ఆ సంగతి తెలియక మొలలకు కోత పెట్టినా, పురీషనాళం నుండి ముక్క తీసినా ప్రమాదం కలుగవచ్చు. కావున స్థానిక వైద్యునికి ముందుగా ఆ పత్రం చూపాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు:
అధిక రక్తస్రావం, నల్లని మలం, జ్వరంతో విరేచనాలు, మూత్రం తగ్గిపోవడం, వాంతులతో కడుపు ఉబ్బి మలం, వాయువు వెలువడకపోవడం, యోనిమార్గం గుండా మలం రావడం.

రక్తం కొద్దిగా కనిపించినా, బరువు తగ్గుతున్నా ఉపేక్షింపక పరీక్ష చేయించుకోవాలి. అది రేడియేషన్ ప్రభావమా, వ్యాధి తిరిగి రావడమా అన్నది పరీక్షలోనే తేలుతుంది.